తల్లిరోటి చెవి

ఆకాశానికి ఆసరాగా నిలిపినట్టున్న గోపురాలు, వాటి మీద లేత ఎండకు ధగధగలాడే పసిడి కలశాలు, కొండవాలున మెట్లు మెట్లుగా దిగివచ్చే తెల్లని మేడలు, మేడమేడకూ మల్లెపందిరి, వీధివీధికీ చలువరాతి కాలువ! గోమేధికపుర వైభవాన్ని వర్ణించబోతే వేయి నోళ్ళున్న ఆదిశేషుడైనా నడుమ కాసిని మంచినీళ్ళు అడుగుతాడు. అయితే ఆ ఉదయం అంతటి నగరంలోనూ మనిషి గొంతు వినబడటం లేదు. అంగళ్ళు తెరిచే ఉన్నాయి, బేరాలు మాత్రం వేళ్ళతో జరుగుతున్నాయి.

ఆ నిశ్శబ్దంలో ఇద్దరు ఆడవాళ్ళు చేటలు చంకన పెట్టుకొని కోట వెనుక వాకిలి దగ్గరకు వచ్చారు. మొదటి ఆమె నడక చూస్తే రాజహంస సిగ్గుపడాలి. రెండో ఆమె నడక చూస్తే కాడెద్దు కూడా నవ్వుతుంది. మొదటి ఆమె ఆటగాళ్ళ మేళంలో ఆడవేషాలకు పేరుమోసిన పోలన్న. రెండో ఆమె సాక్షాత్తూ ఈ రాజ్యానికి యువరాజు రణకేతుడు.

వాకిలి కాసే ఎర్రకళ్ళ భటుడు ఈటె అడ్డంపెట్టాడు.

"ఎవరు మీరు?"

"దంపుళ్ళకు వచ్చినవాళ్ళం బాబయ్యా! వంటశాలలో పసుపు దంచాలని కబురొచ్చింది," అని పోలన్న కొంగు నోటికి అడ్డంపెట్టుకొని కులికాడు. "ఇది మా వదిన. పాపం, మూగది."

"మీ వదిన భుజాలేమిటే, ఇలా ఉన్నాయి?"

"రోకలి పట్టిన భుజాలు ఇంకెలా ఉంటాయి బాబూ? మా అన్న పెళ్ళయిన నాటి నుంచి ఆమెకు ఎదురు చెప్పి ఎరగడు."

భటుడు ఆ అన్నను తలుచుకొని జాలిపడి, ఈటె తీశాడు.

లోపలికి వెళ్తున్న వీళ్ళను అక్కడే ఉంచి, ఒక్క మాట చెప్పుకోవాలి. ధూమ్రకంఠుడనే మాంత్రికుడు ధర్మకేతు మహారాజు రూపం ధరించి సింహాసనం మీద కూర్చున్నాడు. అసలు మహారాజు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. నగరం మీద వాడు వేసిన కట్టు చాలా దుర్మార్గమైనది. నగరం లోపల ఎక్కడైనా వాడి గుట్టు విప్పే మాట గానీ, వాడి పనికి అడ్డు తగిలే మాట గానీ ఎవరి నోట వచ్చినా, ఆ మనిషి నిలుచున్నచోటే శిల అయిపోతాడు. పోనీ తాటాకు మీద రాద్దామా అంటే అక్షరాలు చీమలై పాకిపోతాయి. పైగా నగరంలోని డప్పులు, నగారాలు, కొమ్ములు అన్నీ పోగుచేయించి తగలబెట్టించాడు. మిగిల్చినది కోట మీద గంట ఒక్కటే, అదీ తన అవసరానికి.

రణకేతుడు వాడిని ఒకసారి కత్తి అంచు దాకా తెచ్చుకున్నాడు. కిందటి అమావాస్యనాడు వాడి మెడ మీదికి కత్తి ఎత్తాడు కూడా. ఎత్తిన క్షణాన ఎదురుగా కనిపించినది తండ్రి ముఖం. ఇది మాంత్రికుడు కట్టిన వేషమా, లేక తండ్రి దేహంలోనే వాడు దూరాడా? ఆ సందేహం కత్తిని ఆపింది, వాడు తప్పించుకున్నాడు. ఆనాటి నుంచి యువరాజుకు నిద్రలేదు. చిన్నతనంలో తెల్లవారకముందే తండ్రి వచ్చి తన గది తలుపు తట్టి సాముకు లేపేవాడు. రెండు నిండు దెబ్బలు, మూడోది సగం దెబ్బ. మహారాజుకు ఓపిక తక్కువని అంతఃపురమంతా నవ్వుకునేది. ఇప్పుడు ఆ చప్పుడు చెవిలో మెదిలితే యువరాజు కంట నీరు తిరుగుతుంది.

అయినా ఏడుస్తూ కూర్చునే సమయం కాదు. 'రక్షాతీర్థం' అనే పేరుతో ధూమ్రకంఠుడు కోట వంటశాలలో ఒక కషాయం కాయించాడు. అది తాగినవాడికి తన ఇష్టం అంటూ మిగలదు. అడవిలో వాడి గుహ దగ్గర, ఆ కషాయం చుక్క మింగిన జింక ఒకటి పులి పక్కనే, పారిపోవాలని కూడా తోచక, అది నడిచినట్టే నడిచిపోవడం రణకేతుడు కళ్ళారా చూశాడు. నగరమంతా ఈ రోజు మధ్యాహ్నం గంట మోగగానే ఆ తీర్థం పుచ్చుకోవాలి. ఈలోపు ఆ కాగును బద్దలు కొట్టాలి. అదీ ఈ వేషాల ఉద్దేశం.

వంటశాల చేరారు. అది ఏనుగులు కూడా కాళ్ళు బారజాపుకొని పడుకోగల పెద్ద సాల. గోడల పొడవునా పొయ్యిలు, దూలాలకు వేలాడే ఇత్తడి గరిటెలు. నట్టనడుమ మహా కాగు.

పోలన్న కాగులోకి తొంగిచూశాడు. అడుగున నల్లటి మడ్డి తప్ప ఏమీ లేదు.

"తీర్థం కోసమా? తెల్లవారేసరికే ఇంటింటికీ బిందెలు పంపేశారు," అంది ఒక గొంతు. "మంచి పొద్దున వచ్చారే అమ్మాయిలు! రండి, దంచడానికి పసుపైనా మిగిలింది."

ఆమె పేరు మాచమ్మ. వంటశాలలో దంపుళ్ళ కూటానికి పెద్ద. ఆమె ఎదుట నేలలో పాతిన పెద్ద రోలు ఉంది. దాన్ని తల్లిరోలు అంటారు. నగరంలో ప్రతి ఇంటికీ నేలలో పాతిన రోలు ఉంటుంది గానీ, ఇంత పెద్దది ఇదొక్కటే. బావిలా లోతు, బిందె మూతిలా ఇరుకు.

రణకేతుడు ఖాళీ కాగును చూశాడు. కాగు ఒకటైతే పగలగొట్టవచ్చు. ఊరంతా పంచిన బిందెలను ఎవడు పగలగొట్టగలడు? నోరు తెరిచి 'తాగకండి' అంటే మొదటి ఇంటి గుమ్మం దాటకముందే శిల. పోలన్న ఏదో అనబోయాడు. యువరాజు అరచేత్తో వాడి నోరు మూశాడు.

ఇంతలో ఎర్రకళ్ళ భటులు ఇద్దరు లోపలికి వచ్చి, ముగ్గురినీ ఎగాదిగా చూశారు. "గంట మోగేదాకా ఎవరూ బయటికి రాకూడదు. లోపల గడియ వేసుకోండి," అన్నారు. అందులో ఒకడు తలుపు వెనుక నిలబెట్టిన గడియమాను ఎత్తి తానే వేసి చూపించబోయాడు. అది సగం దాకా వెళ్ళి, నడుమనున్న గుబ్బ అడ్డుపడి ఆగిపోయింది. ఎంత తోసినా కదలదు. తలుపుకూ గోడకూ నడుమ పిల్లి దూరేంత సందు అలాగే ఉండిపోయింది.

"ఈ గడియ చేసిన వడ్రంగి చేతులు విరగ!" అని తిట్టి భటులు దాన్ని నేల మీద పారేసి, బయటి నుంచి తలుపు లాగి కాపలా కూర్చున్నారు.

ఆ తిట్టు కొత్తది కాదు. తరతరాలుగా ఈ వంటశాలలోని ప్రతి వంటవాడూ ఆ వడ్రంగిని తిట్టాడు. చిన్నప్పుడు రణకేతుడు ఆ సందులోంచే దూరి జున్ను దొంగిలించేవాడు. అతడొక్కడే ఆ వడ్రంగిని దీవించాడు.

మాచమ్మ రోకలి అందుకొని, ఖాళీ తల్లిరోట్లో మూడు దెబ్బలు వేసింది. వేసి, రోకలి పైకెత్తి, తల కాస్త పక్కకు వాల్చి, ఒక ఊపిరి సేపు ఆగింది. ఆ తరువాతే పసుపు కొమ్ములు పోయసాగింది.

రణకేతుడు అది చూశాడు. చూసి మూగవేషం సంగతి మరిచిపోయాడు.

"అవ్వా, పసుపు పోయకముందే ఎందుకు కొట్టావు?"

మాచమ్మ ఉలిక్కిపడలేదు. మగగొంతు విని చిన్నగా నవ్వింది. "నువ్వు రోకలిని కత్తి పట్టినట్టు పట్టుకున్నప్పుడే అనుకున్నాలే నాయనా. ఎందుకేముంది? అందరూ అట్లాగే కొడతారు. మా అత్త కొట్టింది, నేను కొడుతున్నా."

"కొట్టి ఎందుకు ఆగావు?"

"మా అత్త ఆగింది."

"తల వాల్చావే, ఎందుకు?"

"ఆమే వాల్చేది." మాచమ్మకు కాస్త కోపం వచ్చింది. "రోటి కాడ ఇన్ని ఆరాలేంది? దంచితే దంచు, లేదంటే చేట పట్టు."

"తలుపు తట్టినవాడు ఆగుతాడు అవ్వా," అన్నాడు రణకేతుడు మెల్లగా. "లోపలి నుంచి ఎవరైనా పలుకుతారని ఆగుతాడు. తల వాల్చేది వినడానికి. మీ అత్త ఎవరి పలుకు కోసం ఆగేది?"

మాచమ్మ చేతిలోని కొమ్ములు చేతిలోనే ఉండిపోయాయి.

యువరాజు రోటిపైకి వంగాడు. అంచుకు జానెడు లోపల పిడికిలంత వెడల్పున పసుపుముద్ద ఒకటి గోడకు అతుక్కొని ఉంది.

"ఇదేమిటి?"

"రోటమ్మ చెవి. ఎరగవా? ప్రతి ఇంటి రోటికీ ఉంటుంది. పెళ్ళికి, పేరంటానికి, నోముకు చెవినిండా పసుపు పెట్టాలి. ఖాళీగా ఉంచితే ఇంట్లో మాట బయటికి పోతుందని పెద్దలు అనేవాళ్ళు."

"ఇంట్లో మాట బయటికి పోతుంది!" అని రణకేతుడు ఆ మాటే తిరిగి పలికాడు. అతని కళ్ళు వెలిగాయి. "అవ్వా, మన పెద్దలు నిజమే చెప్పారు. మనమే దాన్ని భయమనుకున్నాం."

గోమేధికపురాన్ని కట్టించిన గంగలదేవి మహారాణి కథ అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆమె కాలంలో శత్రువులు చెరువులో విషం కలిపితే, ఆమె దరువు వినిపించి ఇంటింటా పాత్రలు బోర్లింపించింది. ఆ దినానికి గుర్తుగా నేటికీ ఆషాఢంలో 'బోర్లింపు పండుగ' చేస్తారు. గుడి నగారా మీద ఒక దరువు మోగుతుంది. మోగగానే ఇంటింటా నీళ్ళున్న ప్రతి పాత్రనూ బోర్లించాలి. మళ్ళీ విడుపు దరువు వినిపించేదాకా చంటిబిడ్డకైనా చుక్క నీరు పట్టరాదు. ఆ సమయంలో దాహమన్న అల్లుడి గతి అత్తగార్ల నోట విని తీరాలి! ఆ దరువు వింటే ఆ ఊరివాళ్ళకు ఆలోచన అక్కర్లేదు, చేతులు వాటంతట అవే కదులుతాయి.

ధూమ్రకంఠుడు నగారాలన్నీ కాల్చేశాడు. అయితే గంగలదేవి కాలంలో నగారాలు ఎక్కడివి? ఆమె ఇంటింటికీ దరువు ఎలా వినిపించింది?

"అవ్వా," అన్నాడు రణకేతుడు, "ఈ రోట్లో దంచితే పసుపు మెత్తగా నలుగుతుందా?"

"ఏం నలగడం! నూతిలో దంచినట్టుంటుంది. ఈ రోలు చేసినవాడికి దంపుడంటే ఏందో తెలియదు."

"ఈ గడియ తలుపును పట్టుకుంటుందా?"

"ఎప్పుడు పట్టుకుంది గనక?"

యువరాజు ఒక్క అంగలో వెళ్ళి నేల మీది గడియమాను ఎత్తాడు. లోకంలో గడియమానులు పలకలుగా ఉంటాయి, ఇది గుండ్రంగా ఉంది. ఒక కొసన తుప్పుపట్టిన ఇనుప పొన్ను ఉంది. గడియకు పొన్ను ఎందుకు? పొన్ను ఉండేది రోకలికి! నడుమనున్న గుబ్బ, వడ్రంగిని తరతరాల తిట్లు తినిపించిన గుబ్బ, తల్లిరోటి మూతికి కొలిచి చేసినట్టు ఉంది. మామూలు రోకళ్ళకు కూడా నడుమ చిన్న కంకణం ఉంటుంది ఆ నగరంలో. అందం కోసమని అందరూ అనుకుంటారు.

"పోలన్నా! ఇది గడియ కాదు, రోకలి. ఇది దంచే రోలు కాదు, ఊదే కొమ్ము. రోటి చెవి నుంచి ఇంటింటి రోటి చెవికీ నేలలో తూములు ఉండి ఉంటాయి. ఈ గుబ్బ మూతికి బిగుసుకుంటే, లోపలి గాలికి పోవడానికి చెవి ఒక్కటే దారి."

"చెవులన్నీ పసుపుతో మూసి ఉన్నాయి కదా యువరాజా?"

"అందుకే గట్టిగా కొట్టాలి."

'యువరాజా' అన్న మాట విని మాచమ్మ అతని ముఖంలోకి చూసింది. తల్లిపోలిక పట్టుకుంది. వంగి దండం పెట్టబోయి, మధ్యలోనే ఆగి, చెవి మీద చెయ్యి కప్పింది. తన చెవి కాదు, రోటి చెవి.

"ఇది మాత్రం ముట్టుకోవద్దు దొరా. మా అత్త, ఆమె అత్త, వాళ్ళ అత్త పెట్టిన పసుపు ఇది. తవ్వితే వంశం నిలవదంటారు. ఎందుకు తవ్వాలో నాకు ఒక్క మాట చెప్పు, తవ్వుతా."

చెప్పడానికి వీల్లేదు. చెబితే శిల. అడగరాని చోట అడిగింది ఆమె, చెప్పరాని చోట ఉన్నాడు అతడు.

చివరికి, "అవ్వా, మీ ఆయన ఎక్కడున్నాడు?" అన్నాడు.

మాచమ్మ ముఖం మాడిపోయింది. "సంతవీధిలో నిలబడి ఉన్నాడు నాయనా. ఒక్క మాట అన్నాడు, అంతే. రోజూ పొద్దున పోయి నెత్తిన తడిగుడ్డ కప్పి వస్తున్నా. రాయికి ఎండేంది, వానేంది అని నవ్వుతారు. నవ్వనీ. నాకు ఆయన ఎండలో ఉన్నట్టే ఉంటుంది." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆయన అన్న మాట నేను అనలేను. నువ్వూ అనలేవు. ఈ రోలు అంటుంది."

మాచమ్మ ఒక క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్ళలో తడి లేదు.

"రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవడం ఏంది?" అని తన రోకలి తిరగేసి, పొన్ను కొసతో పసుపుముద్దను పొడిచింది. "రోటమ్మా, తప్పైతే నా ఒక్కదాని నెత్తిన వెయ్యి!" మరొక్క పోటు. తరాల పసుపు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. లోపల నల్లటి తూము నోరు తెరుచుకుంది. అందులోంచి చల్లటి, మట్టివాసన గాలి వచ్చి ముగ్గురి ముఖాలకూ తగిలింది.

రోట్లోని కొమ్ములు తీసేసి, రణకేతుడు, పోలన్న చెరోవైపు నిలబడి గడియమానును ఎత్తి రోట్లోకి దించారు. గుబ్బ మూతిలో బిగుసుకుంది, వేలు పట్టే సందు లేదు. ఇద్దరూ ఒక్కసారి బలం కొద్దీ కుమ్మారు.

ఏమీ కాలేదు. రోకలి వెనక్కి తన్నింది. పోలన్న పెట్టుడు కొప్పు ఊడి పొయ్యిలో పడింది.

"మళ్ళీ!" అన్నాడు రణకేతుడు.

మళ్ళీ కుమ్మారు. నేల అడుగున ఎక్కడో ఎలుక పరిగెత్తినట్టు చప్పుడైంది. మళ్ళీ. భుజాల దగ్గర రవికెలు పిగిలాయి. మళ్ళీ!

ఆ దెబ్బకు గోమేధికపురంలో జరిగిన చిత్రం ఇంతా అంతా కాదు. పట్టుబట్టల వీధిలో ఒక వర్తకుడి ఇంటి రోటి చెవిలోంచి పసుపు బిరడా 'టప్'మని ఎగిరి ఆయన బట్టతలకు బొట్టు పెట్టింది. కమ్మరివాడలో ఒకటి ఎగిరి కోడిపుంజును కొట్టింది, అది అవమానంతో ఊరంతా పరిగెత్తింది. ఒక కొత్తకోడలి ఇంట బిరడా అత్తగారి ఒళ్ళో పడితే, అత్త కోడలి వైపు, కోడలు అత్త వైపు అనుమానంగా చూసుకున్నారు. వీధి తరువాత వీధి, మెట్టు తరువాత మెట్టు, టప్, టప్, టప్! తరతరాలుగా చెవులు మూసుకున్న నగరానికి ఒక్క పూటలో చెవులు తెరుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే కోట మీద గంట మోగింది.

ఇంటింటా గిన్నెలు ముంచారు. పిల్లలకు ముందు పట్టాలని తల్లులు గిన్నెలు వాళ్ళ పెదవుల దాకా తెచ్చారు.

"అవ్వా, గంగలదేవి దరువు!" అని రణకేతుడు అరిచాడు.

మాచమ్మ ముందుకొచ్చి గడియమాను మీద తన రెండు చేతులూ వేసింది. దరువు ఆమెది, బలం వాళ్ళది. ఆమె ఊపుకు ఇద్దరు మగవాళ్ళూ ఊగారు. వెంటవెంటనే రెండు దాపు దెబ్బలు, కాస్త ఆగి ఒక దూరపు దెబ్బ. రెండు దాపు, ఒక దూరం! నేల కింది తూముల్లో గాలి హుంకరించింది. ఊళ్ళోని ప్రతి రోలూ నోరు తెరిచి 'హుం హుం... హుమ్మ్' అంది.

ఇది ఆషాఢం కాదు. నగారా లేదు, పూజారి లేడు. అయినా గిన్నెలు పట్టుకున్న చేతులు ఎవరినీ అడగలేదు. ఒక ముసలామె ముందుగా బిందె బోర్లించింది. ఆ వెంటనే నగరమంతా బోర్లించింది. కంచు, ఇత్తడి, రాగి పాత్రలు రాతినేల మీద తిరగబడిన మోత కోటగోడలకు కొట్టుకుంది. నల్లని తీర్థం గుమ్మాలు దాటి, చలువరాతి కాలువల్లో పడి, ఊరి బయటి బీడులోకి పోయింది.

వంటశాలలో మాచమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

బయట భటుల కేకలు లేచాయి. తలుపు కదలసాగింది. అప్పుడు తెలిసింది రణకేతుడికి అసలు సంగతి. తలుపుకు గడియ లేదు. గడియ రోట్లో ఉంది!

పోలన్న పరుగున వెళ్ళి తలుపుకు వీపు ఆనించాడు. రెండు పాదాలూ ఎదుటి రాతి మెట్టుకు తన్నిపెట్టాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"యువరాజా, విడుపు దరువు కొట్టవద్దు. విడుపు లేనిదే ఈ ఊరు చుక్క ముట్టదు."

"పోలన్నా, పక్కకు తప్పుకో! నేను వస్తున్నా!"

"మీరు వస్తే ఇద్దరం చస్తాం. నేను ఆడవేషం కట్టాను, రాజవేషం కట్టాను, రాయి వేషమే కట్టలేదు." పోలన్న నవ్వాడు. ఆ నవ్వులో భయం ఉంది, దాన్ని వాడు దాచుకోలేదు. "నాకు తిరిగి ప్రాణం పోయించే పూచీ మీది. మరిచిపోతే మా అమ్మ మిమ్మల్ని ఊరుకోదు!"

రణకేతుడికి వాడి ఉద్దేశం అర్థమయ్యేలోపే పోలన్న ఊపిరి నిండా పీల్చి, ఆట చూసే చివరి వరుసవాడికి కూడా వినబడేలా గొంతెత్తాడు.

"సింహాసనం మీద ఉన్నవాడు మహారాజు కాదు! మాంత్రికుడు ధూమ్రకంఠుడు!"

పాదాల నుంచి బూడిదరంగు పాకింది. పిక్కలు, నడుము, పిగిలిన రవికె, నవ్వు ఆగని పెదవులు. క్షణంలో తలుపుకూ మెట్టుకూ నడుమ రాతి గడియ ఒకటి పడింది. భటులు ఎంత తోసినా అది కదలలేదు. ఆ తలుపు గట్టిగా పడటం అదే మొదటిసారి.

రణకేతుడు దగ్గరకు వెళ్ళాడు. స్నేహితుడి రాతి చేతిని ఒకసారి పట్టుకున్నాడు, వదిలాడు. "తెస్తాను," అన్నాడు.

మాచమ్మ కళ్ళు తుడుచుకొని లేచింది. ఇద్దరూ కలిసి గడియమానును రోట్లోంచి పెకలించి పక్కన వాల్చారు. ఆమె తన పాత రోకలి తీసుకొని ఖాళీ రోట్లో మూడు దెబ్బలు వేసింది. తల వాల్చి ఆగింది.

పలికింది! ముందు దగ్గరి ఇళ్ళ నుంచి, తరువాత దూరపు వీధుల నుంచి, చెవిలోంచి మూడు దెబ్బలు, మూడు దెబ్బలు, లెక్కకు మించిన మూడు దెబ్బలు. మాచమ్మ అత్తలందరూ వినకుండా పోయిన జవాబు అది. ఆమె రోటి అంచు పట్టుకొని చిన్నపిల్లలా వింటూ ఉండిపోయింది.

అయితే తలుపు గట్టిగా పడినా, పాత సందు ఉండనే ఉంది. పిల్లి దూరే ఆ సందులోంచి సన్నని పొగ పాయ లోపలికి పాకింది. నేల మీద చుట్టచుట్టుకుంది, లేచింది, మనిషైంది. నెరిసిన గడ్డం, విశాలమైన నుదురు, ఎడమ కనుబొమ మీద వేట గాయం. ధర్మకేతు మహారాజు!

"నాయనా రణకేతూ," అన్నాడు ఆ వచ్చినవాడు. ఆ గొంతులో తండ్రి ప్రేమంతా ఉంది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా? ఇదేం వేషం? ఇలా రా."

రణకేతుడు పక్కన వాల్చిన గడియమానును భుజానికెత్తాడు. అదే ముఖం, అదే గాయం. అమావాస్యనాటి సందేహం మళ్ళీ వచ్చి చేతులు పట్టుకుంది.

వాడు నవ్వుతూ ఇంకో అడుగు దగ్గరకు వచ్చాడు. "కన్నతండ్రి మీద రోకలి ఎత్తుతావా? లేక నేను నీ తండ్రిని కాననే అంటావా? అయితే ఆ మాట అను. నోరారా అను, నాయనా!"

ఎంత తియ్యని ఉచ్చు! అంటే శిల. అనకపోతే తండ్రి కాళ్ళ దగ్గర లొంగిన కొడుకు. మాచమ్మ ఊపిరి బిగబట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

అప్పుడు తల్లిరోటి చెవిలోంచి మరొక చప్పుడు వచ్చింది. ఊళ్ళోంచి వచ్చిన జవాబులన్నీ ఆగిపోయాక, వాటన్నిటికంటే లోతు నుంచి, ఏ ఇల్లూ లేని చోటు నుంచి, కోట పునాదుల అడుగు నుంచి వచ్చింది. ఎవరో చేతి సంకెలతో తూము గోడను కొడుతున్నారు.

రెండు నిండు దెబ్బలు. మూడోది ఓపిక లేని సగం దెబ్బ.

సందేహం రణకేతుడి చేతులు వదిలింది. తండ్రి బతికే ఉన్నాడు. కింద ఉన్నాడు. కొడుకును సాముకు లేపుతున్నాడు!

ఎదుటివాడి ముఖంలో నవ్వు చెదిరింది. "ఏమిటా చప్పుడు?" అన్నాడు.

రణకేతుడు పెదవి విప్పలేదు. అనమన్న ఆ మాటను నోటికి ఇవ్వకుండా రోకలికి ఇచ్చి, నెత్తి మీదుగా ఎత్తి, ముందుకు దూకాడు.